ఒప్పంద సేద్యమా, మార్కెట్ యార్డా, సొంత సంఘమా? రెండు మూడెకరాల రైతు తేల్చుకోవలసిన లెక్క

సీజన్‌కు నెల ముందు, కంపెనీకీ రైతుకూ మధ్యవర్తిగా ఉండే ఆర్గనైజర్ ఊళ్లోకి వస్తాడు. విత్తనం తానే ఇస్తానని, మందులకు అడ్వాన్సు ఇస్తానని, పండినదంతా కంపెనీయే కొంటుందని చెప్పి క్వింటాలు రేటు ప్రకటిస్తాడు. ఆ సాయంత్రం ఊళ్లో జరిగే చర్చంతా ఆ రేటు చుట్టూనే తిరుగుతుంది. ఒప్పంద సేద్యంలో లాభపడినవారినీ, అప్పులపాలైనవారినీ దగ్గరగా చూసిన అనుభవంతో చెబుతున్నాను: రేటు నాలుగో ప్రశ్న మాత్రమే. పంట నాణ్యతను తేల్చేది ఎవరు, డబ్బు ఏ తేదీకి చేతికి వస్తుంది, పంట పోతే ఆ నష్టం ఎవరిది అనే మూడు ప్రశ్నలకు జవాబు దొరికాకే రేటు గురించి మాట్లాడుకోవడంలో అర్థముంటుంది.

మా బాబాయి ఒక ఏడాది రెండెకరాల్లో మొక్కజొన్న విత్తన పంట వేశాడు. ఆయన దగ్గరున్న ఆధారమల్లా ఒక తెల్ల చీటీ. దానిమీద అడ్వాన్సు ఎంతిచ్చిందీ, విత్తనం ఎన్ని సంచులు ఇచ్చిందీ బాల్‌పెన్నుతో రాసి ఉంది. కంపెనీ పేరు లేదు, రకం పేరు లేదు, రకానికి బదులు ఒక కోడ్ నంబరు మాత్రం ఉంది. విత్తన నాణ్యత పరీక్షలో సరుకు నిలబడలేదని కబురు వచ్చిన రోజున ఆయన ఆ చీటీ పట్టుకుని ఆర్గనైజర్ ఇంటికి వెళ్లాడు. ఆర్గనైజర్ కంపెనీని అడగమన్నాడు. ఏ కంపెనీని అడగాలో చీటీలో లేదు.

ఆ చీటీ ఒక్కటి చూసి ఒప్పంద సేద్యం అంతా మోసమని తేల్చడం మాత్రం సరికాదు. పలు దేశాల అధ్యయనాలను కలిపి 2018లో చేసిన ఒక సమీక్ష, ఒప్పందాల్లో చేరిన రైతుల ఆదాయం సగటున 23 నుంచి 54 శాతం వరకు పెరిగిందని అంచనా వేసింది. అయితే అదే సమీక్ష, పరిశీలించిన వాటిలో 61 శాతం సందర్భాల్లో ఒప్పందంలో చేరినవారు ఆ ప్రాంతపు సగటు రైతుకంటే ఎక్కువ భూమి లేదా ఆస్తి ఉన్నవారేనని కూడా చూపింది. మధ్యలో కూలిపోయిన ఒప్పందాలపై అధ్యయనాలు తక్కువగా వస్తాయి కనుక ఆ సగటును కాస్త తగ్గించి చదువుకోవాలి. మనకు దగ్గరగా, తమిళనాడులో 474 మంది రైతులతో సుధా నారాయణన్ చేసి 2014లో ప్రచురించిన పరిశోధనలో బొప్పాయి, బ్రాయిలర్ కోళ్ల ఒప్పందాలు సగటున లాభం తెచ్చాయని, బంతిపూల ఒప్పందంలో చేరినవారికి మాత్రం లాభం తగ్గిందని తేలింది. ఒకే పంటలో, ఒకే రకం ఒప్పందంలో కూడా రైతుకూ రైతుకూ మధ్య తేడా చాలా ఉంది. కాబట్టి ఒప్పంద సేద్యం మంచిదా చెడ్డదా అని అడగకుండా, ఏ పంటకు, ఎవరితో, ఏ షరతుల మీద అని అడగాలి.

విత్తన పంట: డబ్బు ఎక్కువ, పరీక్షలు ఎక్కువ

తెలుగు రాష్ట్రాల చిన్న రైతుకు అతి తరచుగా ఎదురయ్యే ఒప్పందం విత్తనోత్పత్తే. ఉమ్మడి కరీంనగర్, వరంగల్ జిల్లాల్లో హైబ్రిడ్ వరి, గద్వాల నడిగడ్డలో పత్తి, గోదావరి పరీవాహకంలో మొక్కజొన్న విత్తనం ఏళ్లుగా సాగవుతున్నాయి. మామూలు పంట రేటుతో పోలిస్తే విత్తనం రేటు రెట్టింపుకు మించి కూడా ఉంటుంది, కానీ అందులో చేసే పని కూడా వేరు. పత్తి విత్తనంలో క్రాసింగ్ మొదలైతే మధ్యాహ్నం నుంచి మరునాడు విచ్చుకోబోయే మొగ్గలను ఒక్కొక్కటిగా వెతికి, గోటితో రేకులనూ కేసరాలనూ తొలగించి, గుర్తు పెట్టి, తెల్లవారాక మగ మొక్క పువ్వు తెచ్చి ఆ కీలాగ్రం మీద రుద్దాలి. ఈ పని నెలల తరబడి రోజూ చేయాలి. మొక్కజొన్నలో ఆడ వరుసల మగపూతను విచ్చుకోకముందే పీకేయాలి, రెండు రోజులు ఆలస్యమైతే చేనంతా కల్తీ అవుతుంది. ఈ పనిలో ఎక్కువ భాగం ఆడవాళ్ల చేతుల మీదుగానే నడుస్తుంది, ఒప్పందం మీద సంతకం మాత్రం మగవారిది, డబ్బు పడే ఖాతా కూడా మగవారిదే. ఇంటి ఆడవాళ్ల రోజులకు కూలి కట్టకుండా వేసిన లాభం లెక్క లెక్క కాదని నా అభిప్రాయం. ఒకప్పుడు ఇదే క్రాసింగ్ కోసం పిల్లలను బడి మాన్పించి చేలల్లోకి పంపిన చరిత్ర కూడా ఈ పంటకు ఉంది.

పంట ఇల్లు చేరిన తర్వాత కూడా లెక్క తేలదు. మొలక శాతం చూస్తారు, ఆ తర్వాత జన్యు స్వచ్ఛత కోసం నమూనాను వేరేచోట విత్తి మొక్కలు పెరిగాక లెక్కించే జీవోటీ పరీక్ష చేస్తారు. ఆ ఫలితం రావడానికి నెలలు పడుతుంది. చాలా ఒప్పందాల్లో పూర్తి చెల్లింపు దాని తర్వాతే. నమూనా తీసేది, విత్తేది, ఫలితం ప్రకటించేది అన్నీ కొనేవారే అయినప్పుడు రైతు చేతిలో ఏమీ మిగలదు.

ఒక లెక్క వేద్దాం. ఇవి కేవలం ఉదాహరణ కోసం తీసుకున్న అంకెలు, మీ ఊరి అంకెలు పెట్టి మళ్లీ వేసుకోండి. ఎకరాకు మామూలు మొక్కజొన్న 28 క్వింటాళ్లు, బయటి ధర 2,000 రూపాయలు, ఖర్చు 28,000 అనుకుంటే మిగిలేది 28,000. విత్తన పంట 15 క్వింటాళ్లు, రేటు 5,500, ఖర్చు 42,000 అనుకుంటే మిగిలేది 40,500. చూడటానికి పన్నెండున్నర వేలు ఎక్కువ. ఇప్పుడు వడ్డీ కలపండి. నూటికి నెలకు రెండు రూపాయల చొప్పున, మామూలు పంట పెట్టుబడికి అయిదు నెలలకు 2,800 అవుతుంది, విత్తన పంట పెట్టుబడికి డబ్బు చేతికొచ్చేసరికి ఎనిమిది నెలలు పడితే 6,720 అవుతుంది. తేడా ఎనిమిదిన్నర వేలకు దిగుతుంది. వడ్డీ మాట పక్కనపెట్టినా, దిగుబడి పదమూడు క్వింటాళ్ల కిందికి పడితే మామూలు మొక్కజొన్నే నయం, పది క్వింటాళ్లే వస్తే మిగిలేది 13,000 మాత్రమే. అందుకే ఆర్గనైజర్‌ను అడగవలసిన మొదటి మాట, దిగుబడి తగ్గితే ఎకరాకు కనీసం ఎంత ఇస్తారన్నది. ఆ కనీస మొత్తం కాగితం మీద ఉంటేనే రేటుకు విలువ.

ఇది ఊహించి చెబుతున్న భయం కాదు. ములుగు జిల్లా వెంకటాపురం, వాజేడు మండలాల్లో ఆదివాసీ రైతులు కంపెనీల కోసం వేసిన మొక్కజొన్న విత్తన పంట 2024-25లో దిగుబడి రాక దెబ్బతింది. తెలంగాణ వ్యవసాయ, రైతు సంక్షేమ కమిషన్, అధికారులు జోక్యం చేసుకున్న తర్వాతే పరిహారం దారిలో పడింది. 2025 వానాకాలంలో గద్వాల ప్రాంతంలో పత్తి విత్తనం వేసేశాక కొనుగోలు పరిమాణం తగ్గిస్తామన్న మాట రావడంతో రైతులు ఆందోళనకు దిగారు. రెండుచోట్లా రైతులను ముంచింది రేటు కాదు. ఒకచోట పంట నష్టం ఎవరిదో రాసుకోలేదు, ఇంకోచోట ఎంత కొంటారో రాసుకోలేదు.

ఆయిల్ పామ్: చట్టం తోడున్న ఒప్పందం, పాతికేళ్ల నిర్ణయం

ఆయిల్ పామ్ మామూలు ఒప్పందం కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1993లో చేసిన ఆయిల్ పామ్ చట్టం ప్రకారం ప్రతి ప్రాంతాన్నీ ఒక ఫ్యాక్టరీకి కేటాయిస్తారు, ఆ జోన్ రైతు గెలలు ఆ ఫ్యాక్టరీకే ఇవ్వాలి, ఫ్యాక్టరీ ఆ గెలలను తీసుకోవాలి. పెదవేగి నుంచి అశ్వారావుపేట దాకా వేల కుటుంబాలు ఈ పద్ధతిలో నిలదొక్కుకున్నాయి. ధర సూత్రం ప్రభుత్వ పర్యవేక్షణలో ఉంటుంది, నెలనెలా ప్రకటిస్తారు, డబ్బు బ్యాంకు ఖాతాలో పడుతుంది. ఎగవేత భయం విత్తన పంటతో పోలిస్తే చాలా తక్కువ. 2021 ఆగస్టులో కేంద్రం ఆమోదించిన 11,040 కోట్ల రూపాయల జాతీయ వంటనూనెల (ఆయిల్ పామ్) మిషన్‌లో మొక్కల కోసం హెక్టారుకు 29,000 రూపాయల సాయం ఉంది, ధర మరీ పడిపోతే ఆదుకునే ఏర్పాటు కూడా ఉంది.

అయినా రెండు విషయాలు మనసులో పెట్టుకోవాలి. కోసిన గెలను 24 గంటల్లోగా ఫ్యాక్టరీలో ఆడించాలి కనుక వేరే కొనుగోలుదారును వెతికే అవకాశమే ఉండదు. నూనె దిగుబడి శాతాన్ని ఎంతగా నిర్ణయిస్తారన్న దాని మీదే గెల ధర ఆధారపడుతుంది, ఆ శాతంలో ఒక్క అంకె తేడా వచ్చినా టన్నుకు వందల రూపాయలు మారిపోతాయి. ఆంధ్ర రైతులు తెలంగాణ శాతాన్ని తమకూ వర్తింపజేయమని ఏళ్ల తరబడి అడిగింది అందుకే. ఇక ధర మన ఊరి చేతిలోనూ లేదు, రాష్ట్రం చేతిలోనూ లేదు. 2022 వేసవిలో టన్ను గెలల ధర 22 వేలు దాటింది, ఏడాది తిరిగేసరికి 13 వేల చుట్టుపక్కలకు వచ్చింది. ముడి పామాయిల్ దిగుమతి సుంకాన్ని కేంద్రం 2024 సెప్టెంబరులో పెంచి 27.5 శాతానికి చేర్చింది, 2025 మేలో 16.5 శాతానికి తగ్గించింది. ఢిల్లీలో జరిగే ఆ మార్పు దమ్మపేట తోటలో గెల కోస్తున్న రైతు జేబులోకి నేరుగా వస్తుంది.

మొదటి మూడు నాలుగేళ్లు కాపు ఉండదు, అంతర పంటలే ఆధారం. ఎండాకాలంలో పెద్ద చెట్టుకు రోజుకు రెండు వందల లీటర్లకు పైగా నీరు కావాలి. బోరు మీద నమ్మకం లేని రెండెకరాల రైతు ఉన్నదంతా ఆయిల్ పామ్ కింద పెట్టడం నేను సమర్థించను. అయిదెకరాలు ఉండి, కాలువ నీరో నికరమైన బోరో ఉండి, ఇంట్లో పిల్లలు పట్నం వెళ్లిపోయి కూలీలు దొరకక ఇబ్బంది పడుతున్న కుటుంబానికి మాత్రం ఇంతకంటే నిలకడైన ఒప్పందం మన దగ్గర లేదు.

గెర్కిన్, కోళ్లు, చెరకు, పొగాకు

చిత్తూరు జిల్లా కుప్పంలో 1990ల చివర ఇజ్రాయెల్ సాంకేతికతతో మొదలైన ప్రాజెక్టు ద్వారా గెర్కిన్ దోస తెలుగు రైతుకు బాగా పరిచయమైంది. పంట మొత్తం ఊరగాయగా మారి విదేశాలకే వెళుతుంది, స్థానిక మార్కెట్లో దానికి గిరాకీ లేదు. కాయ ఎంత చిన్నదైతే ధర అంత ఎక్కువ. ఉదయం కోయాల్సిన వేలెడంత కాయను మరునాటికి వదిలితే బొద్దుగా మారి అట్టడుగు గ్రేడులోకి జారుతుంది. కాబట్టి ఇది ఇంట్లో నలుగురు చేతులు ఖాళీగా ఉన్న కుటుంబానికి, ముప్పావు ఎకరా, ఎకరా కొలతలోనే సరిపోతుంది. రెండు మూడు నెలల్లో పంట ముగిసి లెక్క తేలడం దీనిలోని పెద్ద మేలు, ఒక సీజన్‌లో నచ్చకపోతే మరుసటి సీజన్‌కు బయటపడవచ్చు.

బ్రాయిలర్ ఒప్పందంలో కోడిపిల్లలు, దాణా, మందులు కంపెనీవి. షెడ్డు, కరెంటు, నీళ్లు, ఊక, కాపలా రైతువి. కిలోకు ఇంత అని పెంపకం చార్జీ ఇస్తారు కాబట్టి కోడిమాంసం ధర పడినా రైతు మునగడు. అసలు భారం షెడ్డు అప్పు. బ్యాచ్‌కూ బ్యాచ్‌కూ మధ్య ఎన్ని రోజులు ఖాళీ పెట్టేదీ కంపెనీ ఇష్టం, బ్యాంకు వాయిదా మాత్రం నెలనెలా వస్తుంది. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చినప్పటిలా పరిశ్రమ మొత్తం ఆగిపోయే రోజులూ ఉంటాయి. ఏడాదికి కనీసం ఎన్ని బ్యాచ్‌లు ఇస్తారో రాసివ్వని కంపెనీ కోసం అప్పు చేసి షెడ్డు కట్టవద్దు.

చెరకుకు 1966 నాటి నియంత్రణ ఉత్తర్వు ప్రకారం చెరకు అందిన 14 రోజుల్లో డబ్బు ఇవ్వాలి, ఆలస్యమైతే 15 శాతం వడ్డీ కట్టాలి. ఇంత గట్టి రక్షణ ఇంకే ఒప్పంద పంటకూ లేదు, అయినా ఫ్యాక్టరీయే మూతపడితే ఆ రక్షణ వల్ల ఒరిగేదేమీ లేదని బోధన్, మెట్‌పల్లి ప్రాంతాల రైతులకు నిజాం షుగర్స్ 2015లో మూతపడినప్పుడు తెలిసివచ్చింది. మీ ఫ్యాక్టరీ గత మూడేళ్లు ఏ నెలలో గానుగ మొదలుపెట్టిందో, పాత బకాయిలు ఉన్నాయో లేవో చూసుకున్నాకే నాటండి.

పొగాకు విషయంలో 2025లో జరిగింది గుర్తుంచుకోవాలి. పర్చూరు పరిసరాల్లోనూ, గుంటూరు, పల్నాడు, ప్రకాశం జిల్లాల్లోనూ కొనుగోలుదారుల ప్రోత్సాహంతో నల్ల బర్లీ విస్తారంగా వేశారు. ఈ రకం, పొగాకు బోర్డు వేలం పరిధిలోకి రాదు. పంట చేతికొచ్చే వేళకు కొనుగోళ్లు మందగించి, చివరికి రాష్ట్ర ప్రభుత్వం సహకార మార్కెటింగ్ సమాఖ్య మార్క్‌ఫెడ్ ద్వారా కొనవలసి వచ్చింది. చాలామంది రైతుల చేతిలో ఉన్నది నోటిమాటే. నోటిమాటను ఒప్పందమని పిలవకండి.

యార్డుతో పోల్చేటప్పుడు

ఒప్పందాన్ని దేనితో పోల్చాలి? నిరుడు యార్డులో వచ్చిన అధ్వాన్నపు ధరతో పోలిస్తే ఏ ఒప్పందమైనా బంగారంలా కనబడుతుంది. వరి పండే భూమికి అసలైన పోలిక ప్రభుత్వ కొనుగోలు కేంద్రమే. 2025-26కు మద్దతు ధర క్వింటాలుకు సాధారణ రకానికి 2,369 రూపాయలు, గ్రేడ్-ఎ రకానికి 2,389, తెలంగాణలో సన్న రకాలకు దానిపై 500 బోనస్. తరుగు పేరుతో కోతలు ఉన్నా, ఆలస్యాలు ఉన్నా, రంగు మారిందని కొర్రీలు పెట్టినా, వరి రైతుకు ఒక కనీస ధర హామీ అంటూ ఉంది. ఆ హామీ వదిలి విత్తన వరికి వెళ్లాలంటే ఒప్పందం దానికి తగినంత పైన ఉండాలి.

మిర్చి రైతుకు అలాంటి హామీ లేదు. 2023లో గుంటూరు యార్డులో క్వింటాలు 20 వేలు దాటిన మిర్చి, 2025 ఫిబ్రవరి నాటికి కేంద్రం మార్కెట్ జోక్య పథకం కింద 11,781 రూపాయలు నిర్ణయించవలసిన స్థితికి పడిపోయింది. ఇలాంటి పంటలో ముందే ధర రాసుకునే ఒప్పందానికి నిజమైన విలువ ఉంది. ధర పైకి ఎగసిన ఏడాది చేజారే లాభాన్ని, ధర కూలిన ఏడాదికి కట్టే బీమా ప్రీమియంగా భావించాలి. అయితే బయట ధర పెరిగినప్పుడు సరుకు దొంగచాటుగా యార్డుకు తరలించి, తగ్గినప్పుడు కంపెనీ రాలేదని బాధపడటం కుదరదు. ఒప్పందం రైతును కూడా కట్టేస్తుంది. యార్డులో ఉన్న గొప్పతనం మాత్రం ఒకటుంది: నాణ్యత నచ్చలేదని ఒక వ్యాపారి వెళ్లిపోతే పక్కన ఇంకొకడు ఉంటాడు.

సంఘం ద్వారా

ఒంటరి రైతుకూ కంపెనీకీ మధ్య బేరమే జరగదు, కంపెనీ చెబుతుంది, రైతు వింటాడు. సంఘం ఉంటే కథ మారుతుంది. 1956లో మొదలైన ముల్కనూరు సహకార సంఘం అప్పు ఇవ్వడం, ఎరువులు అమ్మడం, ధాన్యం కొనడం, విత్తనం శుద్ధి చేయడం అన్నీ తన గొడుగు కిందే చేస్తూ వచ్చింది. తూకం వేసేది, లెక్క రాసేది సభ్యుల సంస్థే కనుక సరుకు ఎందుకు నిలబడలేదని అడిగే చోటు రైతుకు ఉంటుంది. ఒప్పంద సేద్యంలో రైతుకు దొరకనిది సరిగ్గా ఆ చోటే.

2020లో మొదలైన పదివేల రైతు ఉత్పత్తిదారుల సంస్థల పథకం కింద ఏర్పడిన సంఘానికి మూడేళ్లలో 18 లక్షల వరకు నిర్వహణ సాయం, సభ్యుడికి 2,000 చొప్పున 15 లక్షల వరకు వాటాధనానికి జోడింపు దొరుకుతుంది. కానీ కాగితం మీద ఉన్న సంఘాలు ఊరూరా ఉన్నాయి. మీ సంఘం నిరుడు ఎన్ని టన్నులు కొని అమ్మిందో, సర్వసభ్య సమావేశం ఎప్పుడు జరిగిందో అడగండి. జవాబు లేకపోతే ఆ సంఘాన్ని నమ్మి పంట వేయవద్దు. జవాబు ఉంటే మాత్రం, క్వింటాలుకు వంద రూపాయలు తక్కువైనా నేను సంఘం వైపే మొగ్గుతాను.

సంతకానికి ముందు

2020లో తెచ్చిన కేంద్ర ఒప్పంద సేద్య చట్టం 2021లో రద్దయింది, దానితోపాటు సబ్ డివిజనల్ మేజిస్ట్రేట్ ముందు వివాదం తేల్చుకునే ఏర్పాటు కూడా పోయింది. ఇప్పుడు ప్రధానంగా మిగిలింది 1872 నాటి కాంట్రాక్టు చట్టం, వినియోగదారుల చట్టం. జాతీయ విత్తన సంస్థపై ఆంధ్రప్రదేశ్ రైతులు వేసిన కేసుల్లో సుప్రీంకోర్టు 2012 జనవరిలో ఇచ్చిన తీర్పు ఇక్కడ బాగా ఉపయోగపడుతుంది: విత్తనం కొన్న రైతు వినియోగదారుడే, తిరిగి కొంటామన్న ఒప్పందం మీద విత్తన పంట వేసిన రైతు కూడా వినియోగదారుడే. అంటే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లే దారి తెరిచే ఉంది, కానీ ఆ దారిలో నడవాలంటే కంపెనీ పేరున్న కాగితం చేతిలో ఉండాలి.

అందువల్ల ఒప్పందం తెలుగులో ఉండాలి, అందులో ఆర్గనైజర్ పేరుతోపాటు కంపెనీ పేరు, చిరునామా ఉండాలి. కొనే పరిమాణం, తూకం వేసే చోటు, డబ్బు ఇచ్చే తేదీ, ఆ తేదీ దాటితే వడ్డీ ఎంతో రాసి ఉండాలి. నమూనా తీసేటప్పుడు దాన్ని మీ ఎదుటే రెండుగా పంచి, సీలు వేసిన ఒక భాగాన్ని మీకు ఇవ్వాలి. అది ఉంటే సరుకు తిరస్కరించినప్పుడు వ్యవసాయ శాఖ ప్రయోగశాలకు పంపమని అడిగే వీలుంటుంది. తిరస్కరించిన పంటను రైతు మామూలు పంటగా బయట అమ్ముకోవచ్చో లేదో కూడా ముందే తేల్చుకోండి, చాలా విత్తన ఒప్పందాలు అందుకు ఒప్పుకోవు. చివరిగా, ఎంత నమ్మకమున్నా కొత్త కంపెనీకి మొదటి ఏడాది మూడో వంతు భూమికి మించి ఇవ్వవద్దు. ఇంటి తిండి గింజలు, పశువుల మేత పండే చెలకను ఎట్టి పరిస్థితిలోనూ అందులో కలపవద్దు.

కౌలు రైతుకు ఈ లెక్కలన్నీ ఇంకా బిగుతుగా ఉంటాయి. ఏడాది కౌలు మీద ఉన్నవారికి ఆయిల్ పామ్, కోళ్ల షెడ్డు ఎలాగూ కుదరవు; విత్తన పంట, గెర్కిన్, యార్డు ఈ మూడే మిగులుతాయి. కౌలు ముందే కట్టి, పెట్టుబడి అప్పు తెచ్చినవారు జీవోటీ ఫలితం కోసం నెలల తరబడి ఆగలేరు కనుక వారికి త్వరగా లెక్క తేలే పంటే మేలు. ఒప్పందం మాత్రం భూయజమాని పేరు మీద కాక సాగు చేస్తున్నవారి పేరు మీదే రాయించుకోవాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2019 చట్టం కింద ఇచ్చే సాగు హక్కు పత్రం ఉంటే దాని నకలును ఒప్పందానికి జతచేయండి. నష్టపరిహారం ఎప్పుడైనా వస్తే, ఒప్పందం ఎవరి పేరుమీద ఉందో వారి ఖాతాలోనే పడుతుంది.